కొండకింద రాత్రి విడిది: బండగోడలు, బోదకప్పుతో కొట్టం కట్టే తీరు

సీమ కొండల్లో రాత్రి ఉందామని గుడారం మోసుకొచ్చినవాళ్లకు మొదటి రాత్రే తెలిసొస్తుంది, మేకు దిగే నేల ఇక్కడ తక్కువని. చాలాచోట్ల జానెడు మన్ను, దాని కింద బండ. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి తెరిపి లేకుండా కొడుతుంది. పాత అనంతపురం జిల్లాలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఊరికే కాదు. అక్టోబరు, నవంబరుల్లో వాన ఈశాన్యం నుంచి ఏటవాలుగా కొడుతుంది. ఎండాకాలం పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి, వాన, ఎండ మూడింటినీ ఓర్చుకునేది ఇక్కడి రైతులు, గొర్ల కాపరులు ఎప్పటినుంచో బండగోడలతో, బోదగడ్డి కప్పుతో కట్టుకుంటున్న కొట్టమే. కొండలు నడిచేవాళ్లు, జీవాలు మేపేవాళ్లు, అడవి పందుల కాపలాకు చేనికాడ పడుకునేవాళ్లు ఆరుగురు నిద్రపోయేలా, లోపల 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉండే కొట్టం లెక్క ఇది. పాత కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కడైనా ఈ కొలతలు పనికొస్తాయి. ఊరిని బట్టి సరుకు దొరికే చోటు మాత్రమే మారుతుంది.

ఎక్కడ కట్టకూడదో ముందు

రిజర్వు ఫారెస్టులో చెట్టు కొట్టినా, నిప్పు పెట్టినా, కొట్టం వేసినా 1967 నాటి అటవీ చట్టం కింద కేసు. అభయారణ్యంలోకైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి చీటీ లేకుండా పోవడమే తప్పు. లంకమల, గుండ్లబ్రహ్మేశ్వరం, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అడవి, శేషాచలం వైపు శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వేటకు విడిది అనే మాట ఇప్పుడు చెల్లదు. కుందేలుకు ఉచ్చు పన్నినా, పందికి కరెంటు తీగ కట్టినా కేసే. పైగా ఆ తీగ తగిలి చచ్చేది చాలాసార్లు పక్క చేని మనిషే.

శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచే భక్తులకు దారిలో పందిళ్లు కనిపిస్తాయి. అవి ఆ నాలుగు రోజుల కోసం వేసేవి. వాటిని చూసి మనమూ అడవిలో ఒకటి వేద్దామనుకోవద్దు.

కాబట్టి కొట్టం పట్టా భూమిలోనే కట్టాలి, అడవి గట్టుకు ఇవతల. కొండకింద చాలా భూములు డి.కె.టి. పట్టాలు (ప్రభుత్వం పంచి ఇచ్చినవి), వాటికీ అడవికీ హద్దు తగాదాలు ఎక్కువ. గ్రామ సర్వేయరు చేత ఎఫ్.ఎం.బి. పటం (పొలం కొలతల పటం) పట్టుకుని కొలిపించి, అటవీశాఖ హద్దురాళ్లు చూసుకుని, రేంజి ఆఫీసులో ఒక అర్జీ ఇచ్చి మొదలుపెట్టండి. అభయారణ్యం పక్కనే అయితే చుట్టూ ఉన్న భూముల్లో కట్టడాలకూ నిబంధనలు ఉంటాయి, అదీ అక్కడే అడగాలి. ముఖ్యంగా కడప వైపు లంకమల, పాలకొండల కింద రాత్రి లైటు కనిపిస్తే ఎర్రచందనం దొంగలనే అనుకుంటారు. ఎవరు, ఎన్ని రోజులు ఉంటారో బీటు ఆఫీసరుకు ముందే చెప్పిపెట్టండి. కొట్టంలో గొడ్డలి, రంపం ఉంచొద్దు. వంటకు కట్టె ఊరినుంచే తీసుకుపోవాలి.

లంకమల కింద చిట్టడవిలో ఇంకో జాగ్రత్త. చచ్చిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ కంపచెట్ల మధ్యనే. అది రాత్రిపూట తిరిగే నేలపిట్ట. పొదకూ పొదకూ మధ్య ఉండే ఖాళీ నేల దానికి కావాలి. కొట్టం చుట్టూ చదును చేస్తున్నాం కదా అని పొదలు దున్నేయొద్దు, పొక్లెయిను అసలు తేవొద్దు.

చోటు

వంక ఒడ్డు చల్లగా ఉంటుంది, ఇసుక మెత్తగా ఉంటుంది, నీళ్లు దగ్గర. అందుకే అక్కడ వద్దు. పైన కొండలో వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే వంక వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసుకమేటలా కనిపించే చెయ్యేరు 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఒడ్డు ఊళ్లను ఎలా ముంచిందో కడప వైపువాళ్లకు చెప్పక్కర్లేదు. పాత వరద గుర్తు పొదల్లో చిక్కుకున్న చెత్తను బట్టి తెలుస్తుంది. ఆ చెత్త కన్నా కనీసం 10 అడుగుల ఎత్తున, వంకకు 100 అడుగుల దూరాన ఉండాలి.

కొండ నెత్తి కూడా వద్దు. పిడుగు అక్కడే పడుతుంది, గాలి అక్కడే ఎక్కువ. ఒంటిచెట్టు కింద అంతకన్నా వద్దు. వాలు సగం దిగిన చోట, వెనక గుట్ట గాలిని అడ్డుకునే చోట, నేల కొద్దిగా వాలుగా ఉంటే మేలు. పైన దొర్లడానికి సిద్ధంగా ఉన్న గుండ్లు లేవని చూసుకోండి. గుండు కింద మన్ను కోసుకుపోయి ఉన్నా, దాని కింది అంచున కొత్తగా పగిలిన తెల్లటి రాయి కనిపిస్తున్నా ఇంకో చోటు వెతకాలి. పుట్టలున్న చోటైతే చెదలకూ పాములకూ ముందే ఇల్లు కట్టి ఇచ్చినట్టే.

దిక్కు

నడికొప్పు, అంటే కప్పు రెండు వాలులూ కలిసే పైగీత, తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పడమటి గాలికి కొట్టం సన్నవైపు, అంటే 10 అడుగుల వైపు, మాత్రమే ఎదురు నిలుస్తుంది. పడమటి గోడ నేల నుంచి కొప్పు దాకా పూర్తిగా మూసెయ్యాలి. కప్పు లేచిపోయేది గాలి పైన కొట్టడం వల్ల కన్నా లోపల దూరి కిందనుంచి ఎత్తడం వల్లే. తూర్పున కొప్పు కింద అడుగు ఎత్తు ఖాళీ వదిలి జల్లెడ కొట్టండి; లోపలికి దూరిన కాస్త గాలీ అటునుంచి పోతుంది. వాకిలి దక్షిణపు గోడలో, తూర్పు మూలకు దగ్గరగా ఉండాలి. ఈశాన్యపు వాన తగలదు, పడమటి దుమ్మూ రాదు. వాస్తు చూసేవాళ్లు దీనికి ఒప్పుకోకపోవచ్చు. కొండకింద కొట్టానికి గాలే వాస్తు.

సరుకు

గోడలకు పచ్చి నాపబండ, అంటే పాలిష్ పట్టనిది. 6 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం. చుట్టుకొలత 48 అడుగుల్లో వాకిలి 3 అడుగులు పోతే 45. అంటే 23 బండలు, పగిలేవాటికి 3 కలిపి 26. ఒక్కోటి 150 కిలోల పైమాటే, నలుగురు మోయాలి. మొత్తం 4 టన్నులు. మంచి రోడ్డయితే ఒక ట్రాక్టరు, కొండదారైతే రెండు ట్రిప్పులు. కర్నూలు వైపువాళ్లకు బేతంచెర్ల, అనంతపురం వైపు తాడిపత్రి, కడపలో ఎర్రగుంట్ల, ఎక్కడ దగ్గరైతే అక్కడ తెచ్చుకోండి. నల్లబండ ఎండకు ఎక్కువ కాగుతుంది కాబట్టి తెల్లబండ దొరికితే అదే మేలు.

రాతి కూసాలు, అంటే రాతి స్తంభాలు, 8½ అడుగులవి 6. తలకు మూడంగుళాల కింద బెజ్జం వేయించి తేవాలి. కొండ దగ్గర వేద్దామంటే సగం పగులుతాయి. ఇవి కాక 4½ అడుగుల పొట్టి కూసాలు 3, ఒక్కోదానికి రెండు బెజ్జాలతో. చెక్క గుంజ చౌకే గానీ ఈ నేలలో చెదలు దాన్ని రెండు మూడు వానాకాలాల్లో డొల్ల చేస్తాయి.

నిట్రాళ్లు, అంటే నడికొప్పును మోసే నిలువు కర్రలు, 11 అడుగులవి 3, అయిదంగుళాల లావు. నడికొప్పుకు, రెండు దూలాలకు 9 అడుగుల కర్రలు 6, నీలగిరి చాలు. వాసాలు 10 అడుగులవి 20, మూడంగుళాల సరుగుడు. వెదురు 18 అడుగుల బొంగులు 12. కిత్తనార సన్నతాడు 8 కిలోలు, 12 గేజి తీగ 3 కిలోలు, సిమెంటు 2 మూటలు. లెక్కగట్టి చూస్తే ఇందులో ఎక్కువ ఖర్చు బండలకు కాదు, బండలు మోసే కూలికి.

బోద 340 చదరపు అడుగుల కప్పుకు, అరడుగు మందాన, 650 నుంచి 700 కిలోలు. తలమోపు 15 కిలోలుంటే 45 మోపులు. బోదను పుష్యమాసం దాటాక, కాడ పసుపు తిరిగి గింజ రాలిపోయాక కోయించాలి. పచ్చిగా కోసింది ఎండి ముడుచుకుని కప్పు పలచబడుతుంది. గింజతో కోసిందానికి ఎలుకలొస్తాయి, ఎలుకల వెనక పాములొస్తాయి. కోతకు ఊరివాళ్లతో మాట్లాడుకోండి, వాళ్లు పట్టా గుట్టల మీద కోసి ఇస్తారు.

పని మాఘంలో మొదలుపెట్టి ఏప్రిల్ మధ్యకు కప్పు వేసేయాలి. మే నెలలో సుడిగాలితో వచ్చే అకాలవాన సగం వేసిన కప్పును పేపరులా లేపుతుంది.

కూసాలు, బండలు నిలపడం

ముందు తాడుతో 10 కి 14 నలుచదరం వేసి, మూలనుంచి మూలకు కొలవండి. రెండు కొలతలూ 17 అడుగుల రెండున్నర అంగుళాల దగ్గర ఒకటిగా రావాలి. తేడా ఉంటే కప్పు మెలితిరుగుతుంది, అది పైకి పోయాక సరిచేయలేం.

పొడవు వైపు మూడేసి కూసాలు, 7 అడుగుల ఎడంతో. గుంత 2½ అడుగులు. ఒకటిన్నర అడుగుకే బండ తగిలితే గునపంతో కుస్తీ పట్టొద్దు. కూసం మొదలు చుట్టూ రెండడుగుల వ్యాసాన రాళ్లు పేర్చి కాంక్రీటు పోయండి. మామూలు గుంతలో సిమెంటు అక్కర్లేదు. పిడికెడు రాళ్లు ఒక వరుస, తడిమన్ను ఒక వరుస వేసి, వరుస వరుసకూ గునపం వెనకతో దిమ్మిస్తే కూసం కదలదు. అన్నీ ఒకేసారి నింపేసి పైన మాత్రం దిమ్మించడం అందరూ చేసే తప్పు. మొదటి వానకు ఆ మన్ను కుంగి కూసం ఒరుగుతుంది. నేలమీద కూసం 6 అడుగులు మిగలాలి.

కూసాల మధ్య అడుగున్నర లోతు కాలువ తీసి బండలు నిలబెట్టండి. పైకి 4½ అడుగులు కనిపిస్తాయి. బండను దింపేటప్పుడు కాలువలో ముందుగా రెండంగుళాల ఇసుక పోయాలి, గట్టినేల మీద మూల ఆనితే బండ నిలువునా చీలుతుంది. రెండు బండల సందును ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుకతో రెండువైపులా పూడ్చండి. ఆ సందులోనే తేళ్లు కాపురముంటాయి కాబట్టి ఒక్కటీ వదలొద్దు. బండ తలకూ దూలానికీ మధ్య అడుగున్నర ఖాళీ గాలికి. పడమట మాత్రం ఆ ఖాళీనీ, పైన ముక్కోణాన్నీ కందికట్టె తడికతో మూసి, పేడ కలిపిన ఎర్రమన్ను రెండువైపులా మెత్తాలి. మొదటి పూత పగుళ్లిస్తుంది. అది ఆరాక పలచటి రెండో పూత వెయ్యాలి.

వాకిలికి 9 అంగుళాల ఎత్తు గడపబండ. రేకు తలుపు కింద వేలు దూరనంత సందే ఉండాలి.

నిట్రాళ్లు, వాసాలు

నిట్రాడు మన్ను తాకకూడదు. నడిమి గీత మీద మూడుచోట్ల పొట్టి కూసాలు 2½ అడుగులు పాతి, పైకి వచ్చిన రెండడుగులకు నిట్రాడును ఆనించి రెండు బోల్టులతో బిగించండి. నిట్రాడు కింద ఒక బండముక్క. చెదలు అప్పుడూ రాతి మీద మన్ను గొట్టం కట్టుకుని పాకుతాయి. కానీ గొట్టం కంటికి కనబడుతుంది, చెప్పుతో గీకేస్తే అయిపోతుంది. చెక్క నేలలో ఉంటే లోపల ఏం జరుగుతుందో కప్పు కూలేదాకా తెలీదు.

నేలనుంచి కొప్పు 11 అడుగులు, దూలం 6 అడుగులు, మధ్య అడ్డదూరం 5 అడుగులు. అంటే వాలు సరిగ్గా 45 డిగ్రీలు. బోదకు ఇంతకన్నా తక్కువ వాలు పనికిరాదు, నీళ్లు జారకుండా లోపలికి ఇంకుతాయి. ఎత్తు ఎక్కువైతే గాలి పట్టుకుంటుంది కదా అని కొందరు వాలు తగ్గిస్తారు. గాలికి తాడు కట్టుకోవచ్చు, కుళ్లుకు మందు లేదు.

నడికొప్పు, దూలాలు ఒక్కోటి రెండు కర్రలు. అతుకు ఖచ్చితంగా నడిమి నిట్రాటి మీద, నడిమి కూసం మీద పడాలి. ఒకదానిపై ఒకటి అడుగు మేర కప్పుకుని తీగతో మూడుచోట్ల కట్టండి. రెండు కొసలా ఒకటిన్నర అడుగు బయటికి వస్తే కప్పు పొడవు 17 అడుగులు. వాసాలు పదేసి జతలు, రెండడుగులకు కొంచెం తక్కువ ఎడంతో. వాసం కొప్పు దగ్గర జతతో కలిపి తీగ, దూలం మీద కిత్తనార. నారను కట్టేముందు అరగంట నానబెట్టండి. ఎండుది ముడి దగ్గర విరుగుతుంది. దూలం దాటి వాసం రెండున్నర అడుగులకు పైగా కిందికి దిగుతుంది, చూరు అంచు నేలకు నాలుగడుగుల చిల్లరలో ఆగుతుంది. బండగోడ తలకన్నా చూరు కిందికి ఉంది గనక ఏటవాలు వాన కూడా ఆ ఖాళీలోంచి లోపలికి రాదు. ఇక లోపలికి వంగి పోవాల్సిందే. తల కొట్టుకోనివాళ్లెవరూ ఉండరు.

వెదురు నాలుగు చీలికలు చేసి, వాసాల మీద 9 అంగుళాలకొకటి అడ్డంగా కట్టండి. ఒక్కో వాలుకు 14 వరుసలు. దబ్బ పచ్చివైపు పైకి ఉంటే బోద జారుతుంది. లోపలివైపే పైకి ఉండాలి.

బోద కప్పడం

ఇది తెలిసిన చెయ్యి చెయ్యాల్సిన పని. కొండపల్లెల్లో కొట్టం కప్పే పెద్దమనిషి ఒకరిని పిలిచి, మిగతావాళ్లు అందివ్వడం మంచిది. ఆయన రెండు రోజులు, ముగ్గురు కూలీలు ఉంటే ఈ కప్పు అయిపోతుంది. అయినా ఏం చూడాలో తెలుసుకుని ఉండాలి.

బోదను ముందు దులపాలి. ఎండాకు, విరుగుడు, పొట్టి కాడలు పోయి నిలువు కాడలే మిగలాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ చెత్త కప్పులో తడి పట్టి కుళ్లుతుంది. చూరు నుంచి మొదలు. కాడ మొదలు కిందికి, కొన పైకి. మొదలు గట్టిది, నీరు పట్టదు. కొన మెత్తది, అది ఎప్పుడూ పై వరుస కింద దాగాలి. మొదటి వరుస రెట్టింపు మందం. ఆ తర్వాత వరుస కింది వరుసను అడుగు మాత్రమే బయటికి వదిలి మిగతాదంతా కప్పాలి. అలా ఒక్కో వాలుకు 10 వరుసలు. ప్రతి వరుస మీద సన్నటి వెదురు దబ్బ పెట్టి, అడుగుకొక ముడి, కింద ఉన్న దబ్బకు బిగించాలి. లోపల ఒకడు, పైన ఒకడు. కట్టెసూదిలో తాడు ఎక్కించి అటూ ఇటూ అందుకోవాలి. ముడి బిగింపు తెలియాలంటే రెండు వేళ్లు బోదలోకి తొయ్యండి. సులువుగా దూరితే వదులు.

లోపల నిలబడి పైకి చూసినప్పుడు వెలుతురు చుక్కలు కనిపిస్తే వాటి కింద నిలబడి కర్రతో పొడిచి పైవాడికి చూపించండి. వాన వచ్చేదాకా ఆగి వెతికితే దొరకవు. నీరు ఒకచోట దూరి వాసం వెంట పారి ఇంకోచోట కారుతుంది.

కారడం ముందుగా కొప్పు దగ్గరే మొదలవుతుంది. రెండు వాలుల కొనలు కలిసేచోట జానెడు మందం బోదను అడ్డంగా వంచి రెండువైపులా రెండేసి అడుగులు దించి, వెదురు దబ్బలతో నొక్కి కట్టాలి. దానిమీద రేకు మడత బోర్లిస్తే ఇంకో రెండేళ్లు ఎక్కువ నిలుస్తుంది. చూడటానికి బాగోదు గానీ పని చేస్తుంది.

గాలికి ఆఖరు కట్టు: కప్పు మీదుగా అటునుంచి ఇటు 8 మోకులు వేసి, రెండు చూర్ల దగ్గరా పొడవాటి కర్రకు కట్టి, ఆ కర్రను వాసాల కొసలకు బిగించండి. మోకుకు రాయి వేలాడదీయడం పాత పద్ధతి. ఊగి ఊగి చూరును కోస్తుంది.

రేకులు వేస్తే ఒక పూటలో అయిపోతుంది కదా అంటే, మధ్యాహ్నం ఆ లోపల మనిషి నిలవలేడు, గాలికి ఒక్క బోల్టు ఊడితే రేకు కత్తిలా ఎగురుతుంది. బోద అసలు దొరకని చోట చవుడు మిద్దె, అంటే పైన చవుడు మన్ను పరిచిన చదునైన కప్పు, ఆలోచించొచ్చు. చవుడు మన్నులోని సోడియం వల్ల తడి తగలగానే బంకమన్ను రేణువులు విడిపోయి సందులు పూడుకుంటాయి, నీరు దిగదు. సీమ మిద్దెలన్నీ నిలిచింది ఆ గుణం మీదే. అయితే ఇంత మిద్దె మీద అరడుగు మన్నంటే 3 టన్నుల పైన. దూలాలు, దంతెలు, కూసాలు అన్నీ మారిపోతాయి, ఏటా తొలకరికి ముందు కొత్త చవుడు చల్లేవాళ్లు ఉండాలి. ఎవరూ కాపురముండని విడిదికి అది జరిగే పని కాదు.

అరుగు

నేలమీద పడక వద్దు. కట్లపాము రాత్రిపూట నిద్రపోయేవాళ్ల పక్కలోకే వస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. ఉత్తరపు గోడ పొడవునా 6½ అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు అరుగు కట్టండి. ముందరికి పొట్టి బండలు నిలిపి, లోపల చేను రాళ్లు నింపి, రాళ్ల సందుల్లోకి తడిమన్ను దిగేలా నీళ్లుపోసి దిమ్మించి, పైన 2 అడుగుల చదరపు బండలు 25 పరిచి సందులు సిమెంటుతో మూయండి. మన్ను సరిగా దిగకపోతే అరుగు కడుపంతా తేళ్లు, మండ్రగబ్బలు. మనిషికి రెండడుగుల మూడంగుళాలు లెక్కన ఆరుగురు పడతారు. నడిమి నిట్రాడు అరుగులోనే వస్తుంది, అటు ముగ్గురు ఇటు ముగ్గురు. దానికే సంచులు తగిలించుకోవచ్చు. కాళ్లు గోడకు, తల నడవ వైపు. ఉత్తరానికి తలపెట్టి మనవాళ్లు ఎలాగూ పడుకోరు. దోమతెర కట్టి అంచులు చాప కిందికి దోపితే పాముకూ తేలుకూ దారి ఉండదు.

నీటికాలువ గోడను ఆనుకుని తీయొద్దు. చూరు నీళ్లు గోడకు అడుగు తొమ్మిదంగుళాల దూరాన పడతాయి. కాలువ నడుమ అక్కడే ఉండాలి. అడుగు వెడల్పు, 9 అంగుళాల లోతు, వాలు వైపు మలుపు.

పొయ్యి, నీళ్లు

బోదకప్పు కింద నిప్పు వద్దు. బీడీ కూడా. పొయ్యి కొట్టానికి 20 అడుగుల దూరాన ఆగ్నేయంలో పెట్టండి. వాస్తువాళ్లకు ఇక్కడైనా సంతోషం. మూడువైపులా 3 అడుగుల బండలు, చుట్టూ పది అడుగులు కసువు లేకుండా చెక్కిన నేల. ఈశాన్యపు గాలి కొట్టే రోజుల్లోనూ, ఆరిన గడ్డి గరగరలాడే ఫిబ్రవరి నుంచి మే దాకానూ మంట మానేసి సద్ది తెచ్చుకోవడమే తెలివి.

నీళ్లకు వంక మలుపులో ఇసుక తడిగా ఉన్నచోట మూడడుగుల చెలమ తీసి, మొదటి రెండు బిందెల నీళ్లు తోడి పారబోసి, తేటపడ్డాక నాలుగు మడతల పంచెతో వడగట్టి, పది నిమిషాలు మరిగించాలి. బండ దొనల్లో నీళ్లకూ అంతే. అనంతపురం వైపు బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఊరినుంచి మంచినీళ్లు మోసుకోవాల్సిందే. చలికాలం మనిషికి రోజుకు 5 లీటర్లు, వంటతో కలిపి. మార్చి దాటితే ఆ లెక్క సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో నడకే వద్దు.

కొట్టం దొరకని రాత్రి

అనుమతితో లోపలికి పోయి దారి తప్పినా, పొద్దుగూకినా గవి (గుహ) కనిపిస్తే నేరుగా దూరకండి. ఎలుగుబంటి పగలు పడుకునేది అక్కడే. ముందు రాయి విసిరి, చప్పుడు చేసి, వాసన చూడండి. గుమ్మం దగ్గర విత్తనాలతో, చెదల రెక్కలతో నిండిన పెంట ఉంటే వెనక్కి వచ్చేయండి. ఓర్వకల్లు దగ్గర కేతవరం, కడప జిల్లా చింతకుంట లాంటి చోట్ల బండనీడల్లో ఆదిమానవుల బొమ్మలున్నాయి. అలాంటి బండ కింద మంట వేస్తే పొగ మసి ఎప్పటికీ పోదు.

టార్పాలిను 9 కి 12 అడుగులది సంచిలో ఉంటే చాలు. పడమటి అంచు మీద తలకాయంత రాళ్లు ఆరు పెట్టి నేలకు తొక్కించండి. ఎదుటి అంచు రెండు కర్రల మీద నాలుగడుగులకు లేపండి. మేకులు దిగవు కాబట్టి తాళ్లు గుండ్లకు చుట్టాలి. తాడును రంధ్రానికి కట్టకుండా, టార్పాలిను అంచులో గుండ్రాయి చుట్టి బయటినుంచి ముడివేస్తే చినగదు. ఉరుములు మొదలైతే మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టండి. 30 లోపు వస్తే ఎత్తు దిగి, చెట్టుకు దూరంగా, కాళ్లు దగ్గరపెట్టి కూర్చోవాలి. బోదకొట్టం కూడా పిడుగుకు అడ్డం కాదు.

మంచె కట్టేవాళ్లకు ఒక్క మాట. పందుల కాపలాకు 8 అడుగుల ఎత్తు మంచె చాలు. నాలుగు కాళ్లకూ నిలువుగా మాత్రమే కాక ఏటవాలుగా కర్రలు బిగించాలి. చాలా మంచెలు కూలేది బరువుకు కాదు, మనిషి ఎక్కేటప్పుడు పక్కకు ఊగడం వల్ల. వాన మబ్బు కనిపిస్తే దిగిపోవాలి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. కరిచిన చెయ్యి, కాలు కదలకుండా కర్ర కట్టి, 108కి ఫోను చేసి, మంచానికెత్తి రోడ్డెక్కించండి. కొట్టంలో ఫోను సిగ్నలు ఎక్కడ అందుతుందో తలుపు లోపలివైపు సుద్దతో రాసిపెట్టండి, లేకపోతే అత్యవసరంలో అందరూ కొండెక్కి వెతుకుతుంటారు.

ఏటేటా పని

మృగశిరకు ముందు ఒక రోజు, దీపావళికి ముందు ఒక రోజు. మోకులు బిగించడం, కొప్పు చూడటం, కాలువ తోడటం, చెదల గొట్టాలు గీకడం, గోడ సందుల్లో రాలిన సిమెంటు పూడ్చడం. లోపల మంట లేదు గనక బోదకు పొగ తగలదు, పురుగు పడుతుంది. అందుకని ఏడాదికోసారి వేపాకు పొగ మట్టిమూకుడులో వేసి, చేతిలో నీళ్లబిందె పెట్టుకుని, మనిషి పక్కనే ఉండి పట్టించాలి. మూడు నాలుగేళ్లకు పై పొర అరిగి వెదురు దబ్బ బయటపడుతుంది. అప్పుడు మొత్తం పీకక్కర్లేదు. పాతదాని మీదే 20 మోపుల కొత్త బోద కప్పొచ్చు. వేలితో నొక్కితే పాత బోద నల్లటి ముద్దలా నలుగుతోందంటే మాత్రం ఆ జాగా తీసేయాలి.

తాళం వేయొద్దు. తాళం వేసిన కొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు. తెరిచి ఉంచితే గొర్ల కాపరి తనకోసమైనా తలుపు మూస్తాడు, మోకు ఊడితే కడతాడు. గింజలు, బెల్లం, ఉల్లిగడ్డలు రేకుడబ్బాలో తప్ప వదలొద్దు. ఒక బిందె, ఒక చీపురు, ఒక పొడుగు కర్ర ఉంచితే చాలు. కర్ర పొద్దున్నే చెప్పులు దులిపేముందు వాటిని తిరగేయడానికి.